ఒంటికన్ను దొరతో పదమూడు మధ్యాహ్నాలు

మా నాయినకు పక్షవాతం వచ్చి ఐదు నెలలు దాటింది. ఆ ఐదు నెలల్లో ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే. "గదే." ఆకలైతే గదే, నడుం నొప్పెడితే గదే, ఫ్యాను వెయ్యమనడానికి గదే, ఆపమనడానికీ గదే. ఏ గదేకు ఏం అర్థమో ఆయన కళ్లు చూసి మేమే పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే ఎడమ చేత్తో కుర్చీ మీద దబదబా కొట్టేవాడు. కుడి చెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి పెట్టినట్టు ఒళ్లో పడి ఉండేది.

మెదక్‌లో బస్టాండు నుంచి చర్చి వైపు పోయే దారిలో నాకు మొబైల్ రిపేరు షాపుంది. ఇంట్లో పడుకోబెడితే గోడలు చూస్తూ బెంగ పెట్టుకుంటాడని రోజూ పొద్దున ఆటోలో తెచ్చి షాపులో కూర్చోబెట్టేదాన్ని. కస్టమర్ ఫోన్లో డబ్బు పంపినప్పుడల్లా కౌంటర్ మీది సౌండు డబ్బా "అందినవి" అని ఆడగొంతుతో అరిచేది. ఆ డబ్బా అరిచిన ప్రతిసారీ నాయిన దానివైపు కోపంగా చూసేవాడు. ఎందుకంటే ఒకప్పుడు ఈ ఊళ్లో అట్లా అరిచి చెప్పే పని ఆయనది.

నాయిన సినిమాల ప్రచారం చేసేవాడు. రిక్షాకు రెండు వైపులా పోస్టర్లు కట్టి, ముందు మైకు పెట్టుకొని, గల్లీ గల్లీ తిరుగుతూ "నేడే చూడండి" అనేవాడు. ఆయన గొంతు వింటే పొయ్యి మీద కూర వదిలేసి ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చేవారు. అట్లాంటి మనిషి ఇప్పుడు గదే తప్ప ఇంకో అక్షరం పలకలేకపోతున్నాడు.

వారానికొకసారి తూప్రాన్ నుంచి మాట్లాడడం నేర్పే మేడం వచ్చేది. చిన్న పిల్ల, నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆమె బొమ్మల కార్డులు చూపించేది. చెట్టు చూపిస్తే గదే, ఆవు చూపిస్తే గదే. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమంటే "గదే, గదే, గదే" అని పది గదేలు చెప్పి అలిసిపోయేవాడు. ఒకరోజు పోతూ పోతూ గుమ్మంలో ఆగి నాతో అంది.

"మొదటి ఆరు నెలలు మస్తు ముఖ్యం అక్కా. తర్వాత అసలే రాదని కాదు, గని శానా కష్టమైతది. మనిషి ఆలోచించి మాట్లాడే మాటలు తలకాయల ఒక దిక్కుంటయి. ఏండ్ల కొద్ది రోజూ అన్న మాటలు ఇంకో దిక్కుంటయి. మీ నాయిన రోజూ ఏమనెటోడో జర యాది జేసుకోండ్రి. గది పట్టుకుంటే తొవ్వ దొరకొచ్చు."

ఆరు నెలలకు ఇంకా మూడు వారాలే ఉంది. ఆ రాత్రంతా నాయిన రోజూ ఏమనేవాడో గుర్తు చేసుకుంటూ పడుకున్నాను.

తెల్లారి నుంచి మొదలుపెట్టాం. అమ్మ పక్కన కూర్చొని దేవుడి పాటలు పాడింది. నేను పాత పోస్టరొకటి వెతికి తెచ్చి, నాయిన ముందు పట్టుకొని, "నేడే చూడండి" అని నేనే అరిచాను. షాపు ముందు పోయేవాళ్లు ఆగి చూశారు. నాయిన పోస్టరు చూశాడు, నన్ను చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గదే" అన్నాడు.

అప్పుడు నాకు పాత గేమ్ మిషన్ గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడమేంటి, అది షాపు వెనక గదిలోనే ఉంది. దాని మీద తాడుపత్రి కప్పి, ఆ పైన నేను పాత ఫోన్ల డబ్బాలు పేర్చాను.

టాకీసువాళ్లు మనిషిని మానిపించి రిక్షాలో క్యాసెట్టు పెట్టడం మొదలుపెట్టిన ఏడాది నాయిన ఇదే షాపులో వీడియో గేమ్ పార్లర్ తెరిచాడు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే చోట ఒక కొట్లాట గేమ్ మిషన్ కనబడిందట. అది ఒక ఇంగ్లీష్ సినిమాను చూసి చేసిన గేమ్. ఆ సినిమా తెలుగులో డబ్బింగై వచ్చినప్పుడు మెదక్‌లో, కౌడిపల్లి చుట్టుపక్కల ఊళ్లల్లో మూడు వారాలు మైకులో చెప్పింది నాయినే. గేములో ఆ నటుల ఫొటోలే కదులుతూ గుద్దుకుంటుంటే చూసి, బేరం కూడా ఆడకుండా కొనుక్కొచ్చాడు. సినిమాల మీద చేసిన గేములు ఉత్త చెత్త అని ఇప్పుడు ఇంటర్నెట్‌లో చాలామంది రాస్తారు. రాసుకోనీ. వాళ్లు మా పార్లర్‌కు రాలేదు.

తెచ్చిన మూడో రోజే మిషన్ సౌండు పోయింది. ఆ చిప్పు దొరకదన్నాడు మెకానిక్. బొమ్మలు గుద్దుకుంటున్నాయి గాని కుక్కిన పేనుల్లా చప్పుడు లేదు. నాయిన ఒక పూట తల పట్టుకు కూర్చొని, సాయంత్రం రిక్షా మైకు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఆ రోజు నుంచి మిషన్‌కు గొంతు మా నాయినదే. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏమొస్తే ఏముంది, ఆయన డబ్బింగ్ సినిమాలోని కథనే చెప్పేవాడు. డబ్బింగ్‌వాళ్లు విలన్‌ను దొర చేశారు కాబట్టి వాడు ఒంటికన్ను దొర. నెత్తికి ఎర్ర గుడ్డ కట్టుకున్న అమ్మాయి ఎర్రరిబ్బను అక్క. గోడంత ఉన్నవాడు గోడమనిషి. "మొదటి కుస్తీ, కానియ్యుండ్రి!" అని మొదలుపెట్టి ప్రతి దెబ్బకూ ఒక మాట వేసేవాడు. రోడ్డు మీదికి వినబడేది.

ఆటలో ఓడిపోతే స్క్రీన్ మీద కిందపడ్డ మనిషి మొహం వచ్చి, పక్కన తొమ్మిది నుంచి సున్న దాకా అంకెలు దిగేవి. సున్నలోపు మళ్లీ బిళ్ల వేసి బటన్ నొక్కితే లేచి కొట్లాడొచ్చు, లేకపోతే ఆట అయిపోయినట్టే. నాయిన ఆ అంకెల్ని మైకులో చెప్పేవాడు. "తొమ్మిది... ఎన్మిది... ఏడు, లే కొడకా, మీ అమ్మ జూస్తుంది..." అట్లా. సున్న మాత్రం ఎన్నడూ అనలేదు. ఒకటి దగ్గర సాగదీసి సాగదీసి, వాడి కళ్లల్లో నీళ్లు కనబడితే కౌంటర్ కింద తాను పెట్టించుకున్న చిన్న బటన్ నొక్కి, "లే బిడ్డా, లే" అని ఇంకో ఆట ఇచ్చేవాడు. తన పేరు మైకులో వినాలని కావాలని ఓడిపోయే పిల్లలు కూడా ఉండేవారు. వాళ్లను ఇట్టే పట్టేసేవాడు. మైకు ఆపేసి, పెదాలు బిగించి, ఉత్త చూపు చూసేవాడు. నాటకాలాడేవాడికి లెక్క లేదు.

నాకైతే ఆ ఓడిపోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండేది. ఓడిపోవడమంటే నాకు అన్నం సహించదు, ఇప్పటికీ అంతే. ఎర్రరిబ్బను అక్కతో నేను దొరను పడగొట్టని రోజు లేదు. దొర పడినప్పుడు నాయిన మైకు నోటికి ఆనించి "దొర కూలిండు! నెక్స్ట్ ఎవర్రా?" అనేవాడు. ఆ మాట ఆ పార్లర్‌లో ఎక్కువసార్లు అనిపించింది నేనే. ఆయన గొంతంటే నాకు ఆ మాటే. అందుకే, మేడం యాది చేసుకోమన్నప్పుడు నాకు తోచింది కూడా ఆ మాటే. నాయిన ముందు దొరను పడగొట్టాలి. అప్పుడు దొర కూలిండని ఆయనే అంటాడు.

డబ్బాలు దించి తాడుపత్రి తీశాను. వెనక తలుపు తెరిచి టార్చి వేసి చూస్తే బోర్డు మీద పాత మెకానిక్ స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు కనబడ్డాయి. "బ్యాటరీ ఊడితే ఆట సచ్చిపోతది. మల్ల రాదు." అప్పుడు గుర్తొచ్చింది. ఆ బోర్డు మీద వేలు లావున ఒక బ్యాటరీ ఉంటుంది, మిషన్ ఆపేసినా ఆటను అదే పట్టుకొని ఉంటుంది. ఒక్క క్షణం కరెంటు అందకపోయినా బోర్డులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ కాపీలు రాకుండా ఆట తయారుచేసినవాళ్లు అట్లా పెట్టారట. మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ అయిపోవచ్చింది. రేపంటే రేపే పోయేటట్టుంది.

ఆ మధ్యాహ్నమే పనిలో కూర్చున్నాను. ముందు ఇంకో బ్యాటరీని రెండు వైర్లతో, చిన్న క్లిప్పులతో బోర్డుకు తగిలించాలి. అది కాపలా ఉండగా పాతది తీసి, కొత్తది అతికించాలి. రోజూ ఫోన్లలో ఇంతకంటే సన్నపు పని చేస్తాను. కాపలా బ్యాటరీ తగిలించి, పాతది ఊడదీశాను. కొత్తదాన్ని పట్టుకొని సోల్డరింగ్ ఐరన్ అందుకోబోతుంటే ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

ఇన్వర్టర్ ఆ వారమే చెడిపోయింది. ఐరన్ నిమిషంలో చల్లబడింది. అది చాలదన్నట్టు ఒక క్లిప్పు జారుతోంది, తుప్పు పట్టిన పిన్ను మీద పట్టు దొరకడం లేదు. రెండు వేళ్లతో దాన్ని ఒత్తి పట్టుకున్నాను. వదిలితే అయిపోయింది. అట్లా ఎంతసేపు? పది నిమిషాలయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇంకో చేత్తో పట్టుకుందామంటే మార్చే ఆ క్షణంలోనే జారుతుందని భయం. కౌంటర్ దగ్గర ఎవరో వచ్చి "అక్కా, అక్కా" అని పిలిచి పోయారు.

వెనక నుంచి కాలు ఈడ్చిన చప్పుడు వినబడింది. ఐదు నెలల్లో ఎవరూ లేపకుండా నాయిన కుర్చీలోంచి లేవలేదు. గోడ పట్టుకొని వచ్చాడు. నా పక్కన స్టూలు మీద కూలబడి, వంగి చూసి, ఎడమ చెయ్యి చాపాడు. బొటనవేలూ చూపుడువేలూ నా వేళ్ల మీదుగా జార్చి క్లిప్పును పట్టుకున్నాడు. గడ్డంతో నన్ను తప్పుకోమన్నాడు.

"వద్దు నాయినా, గిది జారితె..."

"గదే" అన్నాడు. గట్టిగా. ఆ గదేకు అర్థం నాకు తెలిసింది. నేను పట్టుకున్న, నువ్ జరుగు.

ముప్పావు గంట తర్వాత కరెంటు వచ్చింది. అంతసేపూ ఆ చెయ్యి కదల్లేదు. నేను అతికించి, మీటరు పెట్టి చూసి, చాలు నాయినా అన్నాక గానీ వదల్లేదు. బోర్డు మూసే ముందు దుమ్ము తుడుస్తుంటే ఒక మూలన వరసగా తెల్లటి చిన్న స్విచ్చులు కనబడ్డాయి. ఆట ఎంత కష్టంగా ఉండాలో చెప్పేవి. పిల్లలు ఏడవకూడదని నాయిన మూడో నంబరు మీద పెట్టించాడు. మెకానిక్ ఎనిమిది దాకా అంకెలు రాసి, ఎనిమిది పక్కన "మనుషులతోని గాదు" అని రాశాడు. నవ్వొచ్చింది. మిషన్ స్విచ్చేస్తే బొమ్మ కొంచెం పచ్చగా, వంకరగా వచ్చింది గాని వచ్చింది. ఎర్రరిబ్బను అక్క పిడికిళ్లు ఎత్తి నిలబడింది. నాయిన మొహం చూశాను. ఎన్నాళ్ల తర్వాతో చూశాను ఆ మొహం.

ఇంక మాట వచ్చేసినట్టే అనుకున్నాను. ఎంత పొగరో నాకు.

మిషన్‌ను కౌంటర్ ఉన్న ముందు గదిలోకి జరిపించాను. రోజూ మధ్యాహ్నం రెండింటికి, కస్టమర్లు పలచబడ్డాక, నాయినను మిషన్ పక్కన కూర్చోబెట్టి, బిళ్లలు ముందే వేసి పెట్టుకొని ఆడేదాన్ని. చేతులు మరిచిపోలేదు. మొదటి రోజే గోడమనిషిని, తర్వాత మిగిలినవాళ్లను, చివరికి దొరను పడగొట్టాను. పడగొట్టి నాయిన వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి చూశాను. ఆయన స్క్రీన్ వైపు చూస్తూ ఉన్నాడు. పెదాలు కదల్లేదు.

రెండో రోజు, మూడో రోజు. ఒక్క రౌండు కూడా ఇవ్వకుండా గెలిస్తే వస్తుందేమో అనుకొని అట్లాగే గెలిచాను. నాలుగో రోజుకు నాయిన చిరాకుపడడం మొదలైంది. నాకు దెబ్బ తగిలినప్పుడు ముందుకు వంగేవాడు. నేను తేరుకొని తిరిగి కొట్టినప్పుడు వెనక్కి వాలి, కుర్చీ మీద కొట్టి, "గదే! గదే!" అనేవాడు. ఇంకా గట్టిగా కొట్టమంటున్నాడు అనుకున్నాను. కొట్టాను. ఆయన మొహం ఎర్రబడేది, మెడ మీద నరం ఉబ్బేది. బీపీ చూస్తే పెరిగి ఉండేది. ఇంకోసారి అట్లాంటిది వస్తే మనిషి దక్కడని దవాఖానలో ముందే చెప్పారు. ఆడుతున్నంతసేపూ ఒక కన్ను స్క్రీన్ మీద, ఒక కన్ను ఆ నరం మీద పెట్టుకొని ఆడేదాన్ని.

తొమ్మిదో రోజు దొర పడగానే నాయిన ఎడమ కాలితో తన్ని కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు. నాకు తిక్క రేగింది.

"నీ కోసమే గదా ఆడుతున్న! పని ఇడిసిపెట్టి ఆడుతున్న! ఒక్క మాట, ఒక్కటంటె ఒక్క మాట అనరాదా నాయినా?"

గోడ వైపు ఉన్న ఆ తల వణికింది. అప్పుడే సద్ది గిన్నెలు తీసుకుపోవడానికి అమ్మ వచ్చింది. నన్ను చూసింది, ఆయనను చూసింది. వచ్చి కుర్చీ తిప్పి, కొంగుతో నాయిన మొహం తుడిచింది. మాట రాని మనిషి మీద అరిచాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది నాకు.

"బంద్ జెయ్యి బిడ్డా" అంది అమ్మ. "మాటొస్తె రానీ, రాకుంటె లేదు. మనిషే పోతె ఏం జేస్తవ్?"

"ఇంకొన్ని రోజులు."

"శనివారం దాక. గంతే. పాత సామాన్ల ఆయనకు జెప్తున్న, నాలుగు గొట్టంగ వచ్చి మిషన్ దీసుకపోతడు. అది గాడ ఉన్నన్ని రోజులు నువ్ ఇడువవు."

ఒప్పుకున్నాను. భయం నాకూ ఉంది. శుక్రవారం మేడం వచ్చి ఎప్పటిలాగే కార్డులు చూపించి, ఎప్పటిలాగే పది గదేలు విని, ఎప్పటికంటే ముందే బ్యాగు సర్దుకుంది.

శనివారం పదమూడో రోజు. రెండింటికి మొదలుపెట్టాను. షట్టర్ సగం దించుదామనుకొని మరిచిపోయాను. మూడున్నరకల్లా రెండుసార్లు దొరను పడగొట్టాను. రెండుసార్లూ నాయిన కళ్లు మూసుకున్నాడు. ఇంకొక్క ఆట. చేతులు చెమటకు జారుతున్నాయి, సోల్డరింగ్ దగ్గర కాలిన బొటనవేలు మండుతోంది. నాలుగింటికి ఆ ట్రాలీ వస్తుంది, దీన్ని ఎత్తుకుపోతారు, నాయిన ఆ కుర్చీలో గదే అంటూ మిగిలిపోతాడు. ఇదే నా తలలో తిరుగుతోంది. దొరతో చివరి రౌండు. ఇద్దరికీ ఒక్క దెబ్బ ప్రాణం మిగిలింది. వాడు చెయ్యి ఎత్తాడు, కింది నుంచి తన్నాలి, జాయ్‌స్టిక్ కర్ర కిందికి లాగాను.

వెనక కౌంటర్ మీద సౌండు డబ్బా అరిచింది. "అందినవి!"

ఉలిక్కిపడ్డాను. వేలు జారింది. దొర చెయ్యి దిగింది. ఎర్రరిబ్బను అక్క గాల్లోకి లేచి, మెల్లగా, చాలా మెల్లగా వెల్లకిలా పడిపోయింది.

నా జన్మలో ఆ మిషన్ దగ్గర అది మొదటి ఓటమి. కోపంతో కళ్లు కనబడలేదు. బటన్ల పక్కన పిడికిలితో గుద్దాను. "సచ్చిన మిషన్! పో, గా ట్రాలీల వడి పో!" అని లేచి, గోడ మీద స్విచ్చు ఆపడానికి చెయ్యి పెట్టాను. స్క్రీన్ మీద ఎర్రరిబ్బను అక్క వాచిన మొహం వచ్చింది. పక్కన తొమ్మిది.

"తొ..."

నా వేలు స్విచ్చు మీద ఆగిపోయింది.

"తొమ్...ది."

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందేమో. ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది. స్క్రీన్ మీద అంకె మారింది.

"ఎన్మి...ది."

పాత గొంతు కాదు. రాళ్ల మీద ఈడుస్తున్నట్టుంది. కాని గదే కాదు. అది గదే కాదు.

"ఏడు."

ఏడు ఎంత శుభ్రంగా పలికాడో. ఎవరికైనా వినబడిందా అని వీధి వైపు చూశాను. గుమ్మంలో అమ్మ, చేతిలో చాయ ఫ్లాస్కు, నోరు తెరుచుకొని నిలబడి ఉంది. నేను చెయ్యి ఎత్తి కదలొద్దన్నాను. అమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఆరు... ఐదు..."

అప్పుడు తెలిసింది నాకు. పన్నెండు రోజులు నేను గెలుచుకుంటూ పోయాను. గెలిచినవాళ్ల దగ్గర ఆయనకు పనేముంది? నాకు దక్కిన మాటే ఆయన మాట అనుకున్నాను. రోజుకు నూరుసార్లు, పన్నెండేళ్లు, ఆయన అన్నది ఓడిపోయినవాళ్ల కోసం. కుర్చీ కొట్టింది అందుకు. గోడ వైపు తిరిగింది అందుకు.

"నాలుగు... మూ... మూడు... లే..."

నాయిన ఆగాడు. అంకె రెండుకు మారింది.

"లే బిడ్డా."

ఊళ్లో పిల్లలందరికీ చెప్పాడు ఆ మాట. ముప్పయ్యెనిమిదేళ్లలో నాకు చెప్పడం అదే మొదటిసారి. చెప్పే అవసరం నేనెప్పుడూ రానివ్వలేదు.

"ఒక్కటీ..." సాగదీశాడు. సాగదీస్తూనే ఎడమ చెయ్యి పక్కకు పోయింది. ఎప్పుడో తీసేసిన కౌంటర్ కింద, ఎప్పుడో తీసేసిన బటన్ కోసం గాల్లో వెతికింది. నేను ఒక్క గంతులో మిషన్ దగ్గరికి పోయి బటన్ నొక్కాను. ఎర్రరిబ్బను అక్క లేచి నిలబడింది. నాయిన ఏడుస్తున్నాడు, నేను ఏడుస్తున్నాను, మెట్టు మీద అమ్మ ఏడుస్తోంది.

మళ్లీ వినాలి. ఇప్పుడే వినాలి. కర్ర వదిలేసి, చేతులు కట్టుకొని నిలబడ్డాను. దొర వచ్చి గుద్దాడు, గుద్దాడు, అక్క పడిపోయింది. తొమ్మిది వచ్చింది. నాయిన వైపు తిరిగాను. పెదాలు బిగించి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, కాకపోతే అది నా మీద పడడం ఎప్పుడూ లేదు. ఎనిమిది, ఏడు, ఆరు, అంకెలు చప్పుడు లేకుండా దిగిపోయాయి. నాటకాలాడేవాడికి లెక్క లేదు.

బయట ట్రాలీ ఆగింది. పాత సామాన్ల ఆయన లోపలికి తొంగిచూసి, "మిషన్ యాడుందమ్మా?" అన్నాడు.

"ఇయ్యం పో" అంది అమ్మ, కళ్లు తుడుచుకోకుండానే.

నేను స్క్రూడ్రైవర్ తీసుకొని మిషన్ వెనక్కి పోయాను. బోర్డు తలుపు తెరిచి, తెల్ల స్విచ్చులు వెతికి, మూడు మీద ఉన్నదాన్ని ఎనిమిది మీద పెట్టాను. వచ్చి నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకొని, కర్ర పట్టుకున్నాను. ఆ సాయంత్రం ప్రాణం పెట్టి ఆడి, నేను పదకొండుసార్లు ఓడిపోయాను.